ఎర్ర రక్తకణం మీది సీఆర్1 ప్రోటీన్ ఎక్కువుంటే మేలా, తక్కువుంటే మేలా? దక్షిణ ఒడిశా మలేరియా నేపథ్యంలో ఒక విశ్లేషణ

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తెలుగు కుటుంబాల్లో చలిజ్వరం చూడని ఇల్లు అరుదు. వానల ఉధృతి తగ్గి, కొండవాగుల నీళ్లు తేటపడి నెమ్మదిగా పారడం మొదలయ్యాక జ్వరాలు పెరుగుతాయి. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ జాతి దోమ గుడ్లు పెట్టేది అలాంటి తేటనీటి వాగుల అంచుల్లోనే. ఇక్కడి మలేరియాలో అధిక భాగం ఫాల్సిపారమ్ రకానిది. అయితే ఒకే ఊళ్లో, ఒకే రకం పరాన్నజీవి సోకినా జబ్బు అందరిలో ఒకేలా నడవదు. ఒకరికి రెండు మూడు రోజుల వణుకుతో, వేసిన మందుతో తగ్గిపోతుంది. ఇంకొకరికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పుతుంది. వేరొక ఇంట్లో పసిబిడ్డ పెద్ద జ్వరమేమీ కనపడకుండానే వారాల తరబడి పాలిపోతూ వస్తుంది. కడుపులో బల్ల (ప్లీహం) పెరిగి, కింది రెప్ప తిప్పి చూస్తే ఎరుపన్నదే లేని స్థితిలో ఆస్పత్రికి చేరుతుంది. ఈ తేడాలకు వయసు, పోషణ, మందు అందిన సమయం, అంతకుముందు ఎన్నిసార్లు జ్వరం వచ్చిందన్న సంగతి, వంశపారంపర్య లక్షణాలు ఇలా ఎన్నో కారణాలున్నాయి. వాటిలో సాధారణ పాఠకుల దాకా ఎప్పుడూ రానిది ఎర్ర రక్తకణం పైపొర మీద ఉండే ఒక నియంత్రక ప్రోటీన్. దాని పేరు కాంప్లిమెంట్ రిసెప్టర్ 1, క్లుప్తంగా సీఆర్1.

ఈ ప్రోటీన్ పని అర్థం కావాలంటే ముందు అది అదుపు చేసే కాంప్లిమెంట్ వ్యవస్థ సంగతి కొంత తెలియాలి. రక్తంలో యాంటీబాడీలతో పాటు సూక్ష్మజీవులను చంపడానికి తోడ్పడే మరో పదార్థం ఉందని, వేడి చేస్తే అది పనిచేయడం మానేస్తుందని 1890ల్లో జూల్స్ బోర్డే చూపించాడు. ఆ తరహా పరిశోధనలకే ఆయనకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఇది ఒక్క పదార్థం కాదనీ, ముప్పైకి పైగా ప్రోటీన్లు ఒకదాన్నొకటి చీల్చుకుంటూ, మేల్కొల్పుకుంటూ నడిచే గొలుసు చర్య అనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. గొలుసు మధ్యలో ఉండే సీ3 అనే ప్రోటీన్ ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లలో అంత ఎక్కువ మోతాదులో ఉండేది మరొకటి లేదు.

సీ3 చీలినప్పుడు వచ్చే పెద్ద ముక్క సీ3బీ. చీలిన క్షణంలో దానిలో దాగి ఉన్న ఒక రసాయన బంధం బయటపడి, దగ్గరలో ఏ ఉపరితలం ఉంటే దానికి శాశ్వతంగా అతుక్కుంటుంది. అది బ్యాక్టీరియా ఒళ్లా, మన సొంత కణమా అన్న విచక్షణ ఆ బంధానికి లేదు. అతుక్కున్న సీ3బీ, ఫ్యాక్టర్ బీ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకుని కొత్తగా సీ3ని చీల్చే ఎంజైమ్‌గా మారుతుంది. అంటే ఒక సీ3బీ ఉన్న చోట కొద్దిసేపట్లో వందలు పుడతాయి. ఈ గొలుసు చివర కణపు పొరకు రంధ్రం పొడిచే ప్రోటీన్ల కూటమి ఏర్పడుతుంది. పైగా సీ3 రక్తంలో ఎవరూ ప్రేరేపించకపోయినా నిరంతరం కొద్దికొద్దిగా తనంతట తానే క్రియాశీలం అవుతూ ఉంటుంది. ఇంత వేగంగా, ఇంత గుడ్డిగా పెరిగే చర్య మన కణాలను నాశనం చేయకుండా ఉండడానికి నియంత్రక ప్రోటీన్లే కారణం. కాంప్లిమెంట్ గురించి రాసే చాలా వ్యాసాలు దాని దాడి శక్తిని వర్ణించడంతో ఆగిపోతాయి. నిజానికి మనిషి ఆరోగ్యం విషయంలో అసలు కీలకం అదుపులోనే ఉంది.

నియంత్రకాల్లో కొన్ని ప్లాస్మాలో తిరుగుతాయి, కొన్ని కణాల పొర మీద పాతుకుని ఉంటాయి. ప్లాస్మాలో ఫ్యాక్టర్ ఎచ్, సీ1 ఇన్హిబిటర్ ముఖ్యమైనవి. కణాల మీద సీడీ55, సీడీ59, సీడీ46, సీఆర్1 ఉంటాయి. ఎర్ర రక్తకణం మీద సీడీ46 ఉండదు. మిగిలిన మూడూ ఉంటాయి. ఎర్ర కణానికి కేంద్రకం లేదు కాబట్టి ఒకసారి పోగొట్టుకున్న ప్రోటీన్‌ను మళ్లీ తయారుచేసుకోలేదు. సుమారు 120 రోజుల జీవితమంతా పుట్టుకతో తెచ్చుకున్న సరుకుతోనే అది నెట్టుకురావాలి. ముందు ముందు చెప్పే విషయాలన్నిటికీ ఈ ఒక్క వాస్తవం ఆధారం.

సీఆర్1 పొడవాటి అణువు. సుమారు అరవై అమైనో ఆమ్లాల చిన్న ముడి ఒకటి ముప్పైసార్లు వరుసగా పునరావృతమై, కణం పొర నుంచి బయటికి పొడుచుకుని వచ్చి ఉంటుంది. ఈ ముడుల్లో ఒక్కో గుంపుకు ఒక్కో పని. పొరకు దూరంగా, కొసన ఉన్న గుంపు సీ4బీ అనే మరో కాంప్లిమెంట్ ముక్కను పట్టుకుని, సీ3ని చీల్చే ఎంజైమ్‌ను విడగొడుతుంది. మధ్యలోని గుంపులు సీ3బీని పట్టుకుని ఫ్యాక్టర్ ఐ అనే కత్తిరించే ఎంజైమ్‌కు అందిస్తాయి. ఫ్యాక్టర్ ఐ ఆ సీ3బీని కోసి ఐసీ3బీగా మారుస్తుంది. అప్పటినుంచి అది ఫ్యాక్టర్ బీని పట్టుకోలేదు, గొలుసు ముందుకు సాగదు. ఈ మొదటి కోతకు ఫ్యాక్టర్ ఎచ్, సీడీ46 కూడా సహకరించగలవు. ఐసీ3బీని మరింత కోసి చిన్న ముక్కలు చేయించడంలో మాత్రం సీఆర్1తో పోటీపడే నియంత్రకం లేదు.

దాని రెండో పని రవాణా. యాంటీబాడీ, అది పట్టుకున్న సూక్ష్మజీవి పదార్థం, వాటి మీద అతుక్కున్న సీ3బీ కలిసిన గుత్తులను ఇమ్యూన్ కాంప్లెక్సులు అంటారు. ఇవి రక్తంలో ఎక్కువసేపు తిరిగితే మూత్రపిండాల వడపోత పొరల్లో, రక్తనాళాల గోడల్లో పేరుకుని వాపు తెస్తాయి. సీఆర్1 వాటిని సీ3బీ ఆధారంగా పట్టుకుని ఎర్ర కణం మీద కూర్చోబెడుతుంది. అలా సూక్ష్మజీవులు ఎర్ర కణాలకు అతుక్కోవడాన్ని 1953లో నెల్సన్ వర్ణించాడు. ఆ అతుకుకు కారణమైన ప్రోటీన్‌ను 1979లో ఫియరాన్ వేరుచేశాడు. ఒక్కో ఎర్ర కణం మీద సీఆర్1 అణువులు వందల్లోనే ఉంటాయి. తెల్ల కణాల మీద ఉండే సంఖ్యతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయినా ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఎర్ర కణాలు యాభై లక్షల వరకూ ఉంటాయి కాబట్టి, రక్తంలోని కణాల మీద ఉన్న సీఆర్1లో అత్యధిక భాగం వీటి మీదే ఉన్నట్టు లెక్క.

ఈ రవాణాలో చివరి ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కాంప్లెక్సును మోసుకొచ్చిన ఎర్ర కణం కాలేయంలోనో ప్లీహంలోనో మందగమనంతో పోయే ఇరుకు దారిలో మాక్రోఫేజ్ అనే భక్షక కణాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. భక్షక కణం యాంటీబాడీ తోకను తన గ్రాహకాలతో పట్టుకుని లాగేస్తుంది. కాంప్లెక్సు ఊడి వస్తుంది, ఎర్ర కణం ప్రాణంతో తిరిగి ప్రవాహంలో పడుతుంది. అయితే ఊడేటప్పుడు సీఆర్1 అణువులు కొన్ని కూడా తెగి భక్షక కణంతో పోతాయి. ఇలా ప్రతి మోతకూ ఎర్ర కణం కొంత సీఆర్1ను మూల్యంగా చెల్లిస్తుంది. పాత కణాల మీద కొత్త కణాల కన్నా సీఆర్1 తక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఆరోగ్యవంతుడిలో ఈ నష్టం లెక్కలోకి రాదు. వానాకాలం నుంచి చలికాలం దాకా మళ్లీ మళ్లీ మలేరియా సోకే బిడ్డ విషయంలో లెక్కలోకి వస్తుంది.

మలేరియాలో ఎర్ర కణాలు పగిలిన ప్రతిసారీ పరాన్నజీవి పదార్థం రక్తంలోకి వెదజల్లబడుతుంది. దానితో ఇమ్యూన్ కాంప్లెక్సులు పెద్ద ఎత్తున తయారవుతాయి. కెన్యాలో తీవ్ర మలేరియా రక్తహీనత ఉన్న పిల్లల మీద జరిపిన పరిశోధనలు, వారి ఎర్ర కణాల మీద సీఆర్1, సీడీ55 రెండూ తగ్గిపోయాయనీ, రక్తంలో ఇమ్యూన్ కాంప్లెక్సులు పెరిగాయనీ 2003లో నివేదించాయి. రక్షణ తగ్గిన కణం మీద సీ3 ముక్కలు పేరుకుంటే ప్లీహం ఆ కణాన్నే చెడిందనుకుని మింగుతుంది. ఫాల్సిపారమ్ రక్తహీనతలో పరాన్నజీవి సోకిన కణాల కన్నా సోకని కణాలే ఎన్నో రెట్లు ఎక్కువగా నాశనమవుతాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. చుక్కరక్తంలో పరాన్నజీవులు కొద్దిగానే కనిపిస్తున్నా బిడ్డ రక్తం ఎందుకు తరిగిపోతోందన్న ప్రశ్నకు ఈ వివరణ కనీసం సగం జవాబు ఇస్తుంది. ఎముక మజ్జ కొత్త కణాలను సరిగా తయారుచేయలేకపోవడం మిగతా సగంలో పెద్ద భాగం.

ఇంతవరకూ చూస్తే సీఆర్1 ఎంత ఎక్కువుంటే అంత మంచిదనిపిస్తుంది. కథ అక్కడితో ఆగలేదు. ఫాల్సిపారమ్ సోకిన ఎర్ర కణం, చుట్టూ ఉన్న సోకని ఎర్ర కణాలను తనకు అతికించుకుని గుత్తి కడుతుంది. గులాబీ రేకుల్లా కనిపించే ఆ అమరికను రోజెటింగ్ అంటారు. ఆస్పత్రిలో గాజు పలక మీద ఆరబెట్టి రంగువేసిన రక్తపు పూతలో ఇది కనిపించదు. బతికి ఉన్న పరాన్నజీవిని ప్రయోగశాలలో ఒక రోజు పెంచి, తడి బొట్టును సూక్ష్మదర్శిని కింద పెడితేనే తెలుస్తుంది. మధ్యలో ముదిరిన పరాన్నజీవితో నల్లటి చుక్కగా ఒక కణం, దానికి వత్తుకుని మూడో నాలుగో తేట కణాలు ఉంటాయి, పలక కదిల్చినా విడిపోవు. సన్నని రక్తనాళాల్లో ఇలాంటి గుత్తులు అడ్డుపడితే మెదడుకు రక్తం అందడం తగ్గుతుంది. సోకిన కణం తన పైపొరకు పంపే పీఎఫ్ఈఎంపీ1 అనే పరాన్నజీవి ప్రోటీన్, పక్క కణం మీది సీఆర్1ను పట్టుకోవడం రోజెటింగ్‌కు ఒక ముఖ్య మార్గమని 1997లో రో బృందం నిరూపించింది. మన నియంత్రకం మధ్య గుంపు, అంటే సీ3బీని పట్టుకునే ప్రాంతమే, పరాన్నజీవి పట్టుకునే పిడి కూడా అయింది.

అంతేకాదు, కొత్త ఎర్ర కణంలోకి చొరబడడానికి కూడా పరాన్నజీవి ఇదే ప్రోటీన్‌ను వాడుకోగలదు. పీఎఫ్ఆర్ఎచ్4 అనే పరాన్నజీవి ప్రోటీన్‌కు గ్రాహకం సీఆర్1 అని 2010లో తేలింది. ఇక్కడ పట్టు కొసనున్న మొదటి ముడి మీద. 2015లో మరో నియంత్రకం సీడీ55 లేని ఎర్ర కణాల్లోకి ఫాల్సిపారమ్ దాదాపు చొరబడలేకపోతుందని బయటపడింది. పరాన్నజీవి ప్లాస్మాలోని ఫ్యాక్టర్ ఎచ్‌ను సైతం తన ఒంటికి అంటించుకుని కాంప్లిమెంట్ దాడి నుంచి తప్పించుకుంటుంది. శరీరం తన కణాలను గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తులనే పరాన్నజీవి ఇన్ని చోట్ల వాడుకోవడం కాకతాళీయం అనుకోలేం. ఈ నియంత్రకాలు దాదాపు అందరి ఎర్ర కణాల మీదా ఉంటాయి, కాబట్టి వాటిని పట్టుకున్న పరాన్నజీవికి దారి మూసుకుపోవడం అరుదు.

మరి సీఆర్1 తక్కువున్నవారికి తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుందా? మనుషుల్లో ఎర్ర కణం మీది సీఆర్1 సంఖ్య జన్యు భేదాల వల్ల చాలా మారుతుంది. ఒకరి కణం మీద వందకు లోపు, మరొకరి కణం మీద వెయ్యి దాకా ఉండవచ్చు. పాపువా న్యూగినీలో సీఆర్1 తక్కువగా తయారుచేసే జన్యు రూపం జనంలో విస్తారంగా ఉందనీ, అది తీవ్ర మలేరియా నుంచి కాపాడుతోందనీ 2004లో కాక్‌బర్న్ బృందం ప్రకటించింది. థాయ్‌లాండ్‌లో అంతకు మూడేళ్ల ముందే సరిగ్గా వ్యతిరేక ఫలితం వచ్చింది. అక్కడ తక్కువ సీఆర్1 ఇచ్చే జన్యు రూపం తీవ్ర జబ్బు ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపించింది. ఆఫ్రికాలోనైతే యూరప్ జనంలో సీఆర్1 సంఖ్యను సూచించే జన్యు గుర్తుకూ, కణం మీది అసలు సంఖ్యకూ పొంతనే కుదరలేదు. మన దేశంలో మలేరియా ఎక్కువున్న, తక్కువున్న ప్రాంతాలను పోల్చిన 2009 నాటి అధ్యయనంలో కూడా రెండు చోట్లా సంబంధం ఒకే దిశలో లేదు. ఒడిశా రోగుల మీద జరిగి 2012లో వెలువడిన పరిశోధన, కొన్ని సీఆర్1 జన్యు రూపాలు తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఇస్తున్నాయని తేల్చింది.

ఈ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసి, ఎవరో ఒకరు పొరబడ్డారనుకోవడం తేలిక. దానికన్నా సరైన వివరణ ఉంది. తీవ్ర మలేరియా అన్న ఒక్క పేరు కింద కనీసం రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. రక్తహీనతలో ఇబ్బంది రక్షణ చాలకపోవడం, కాంప్లెక్సుల చెత్త పేరుకోవడం. అక్కడ సీఆర్1 ఎక్కువుంటే మేలు. మెదడు మలేరియాలో ఇబ్బంది కణాలు గుత్తికట్టి నాళాలను మూసేయడం. అక్కడ సీఆర్1 తక్కువుంటే మేలు కావచ్చు. ఎర్ర కణాల మీది సీఆర్1 పసిపిల్లల్లో తక్కువగా ఉండి, వయసుతో పెరుగుతుందని కెన్యా పరిశోధనలు చూపాయి. రక్తహీనత పసిపిల్లల్లో, మెదడు మలేరియా కాస్త పెద్ద పిల్లల్లో ఎక్కువగా రావడానికి ఇది ఒక కారణం కావచ్చన్న ప్రతిపాదన వాటి నుంచే వచ్చింది. దోమ తరచుగా కుట్టే చోట మొదటి ప్రమాదం, అరుదుగా కుట్టే చోట రెండోది పెరుగుతుంది కాబట్టి, ఒకే జన్యు రూపం ఒక దేశంలో రక్షణగా, ఇంకో దేశంలో ముప్పుగా కనిపించడంలో వైరుధ్యం లేదు.

కెన్యా వయసుల లెక్కను ఉన్నదున్నట్టు కోరాపుట్‌కు తెచ్చి అతికించడం కూడా తప్పే. ఒడిశాలో తీవ్ర మలేరియా పిల్లలకే పరిమితం కాదు. రూర్కెలా, కటక్ ఆస్పత్రుల అనుభవంలో పెద్దవారు కూడా మెదడు మలేరియాతో, కామెర్లతో, మూత్రపిండాల వైఫల్యంతో, ఒకేసారి పలు అవయవాలు దెబ్బతిన్న స్థితిలో వస్తారు. పైగా ఇక్కడి జనంలో సికిల్ సెల్ (కొడవలి కణ వ్యాధి) జన్యువు ఉంది. ఆ జన్యువు ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినవారి ఎర్ర కణాలు గుత్తులు కట్టడం తక్కువ. ఓ గ్రూపు రక్తం ఉన్నవారిలో కూడా రోజెటింగ్ బలహీనమేననీ, అది తీవ్ర జబ్బు నుంచి కొంత కాపాడుతుందనీ మాలీ దేశపు అధ్యయనం 2007లో చూపింది. సీఆర్1 ఒక్కదాన్నే లెక్కించి, రక్తం గ్రూపును, సికిల్ జన్యువును పక్కన పెట్టిన అధ్యయనం ఈ జిల్లాల విషయంలో అసంపూర్ణమే అవుతుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే కోరాపుట్ జిల్లాలోని జయపురం కొండప్రాంతపు మలేరియా మీద అధ్యయనాలు మొదలయ్యాయి. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో చేరిన తర్వాత కూడా దశాబ్దాల పాటు పరిస్థితి పెద్దగా మారలేదు. ఇటీవలి మార్పు మాత్రం పెద్దది. దమన్ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం మారుమూల గ్రామాల్లో జ్వరం ఉన్నా లేకపోయినా అందరినీ పరీక్షించి మందులివ్వడం, దోమతెరలు పంచడం మొదలుపెట్టాక, 2016లో నాలుగు లక్షల నలభై వేలు దాటిన రాష్ట్రపు మలేరియా కేసులు 2018 నాటికి డెబ్బై వేల లోపుకు దిగాయి. ఇది ప్రాణాలు నిలిపిన విజయం. దీనికి కాంప్లిమెంట్ కోణంలో ఒక పర్యవసానం ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ మలేరియా సోకుతూ వచ్చిన తరానికి ఉన్న నిరోధకత, అరుదుగా సోకే కొత్త తరానికి ఉండదు. మళ్లీ మళ్లీ కాంప్లెక్సులు మోసి సీఆర్1 పోగొట్టుకునే పసిబిడ్డలు తగ్గుతారు. పూర్తి సీఆర్1తో, నిరోధకత లేకుండా మొదటిసారి ఫాల్సిపారమ్‌కు గురయ్యే పెద్ద పిల్లలు, యువకులు పెరుగుతారు. రక్తహీనత తగ్గి, మెదడు మలేరియా నిష్పత్తి పెరిగే అవకాశం ఉందన్నది దీన్ని బట్టి చేయగల అంచనా. జిల్లా ఆస్పత్రులు మలేరియా కేసులను లెక్కించేటప్పుడు జబ్బు రూపాన్ని, వయసును విడివిడిగా నమోదు చేస్తే ఈ అంచనా నిజమో కాదో తేలిపోతుంది.

ఆశా కార్యకర్త వేలి కొస నుంచి తీసి కిట్టు మీద వేసే చుక్క రక్తం, మలేరియా ఫాల్సిపారమ్ రకమా, వైవాక్స్ అనే మరో రకమా అన్నది నిమిషాల్లో చెబుతుంది. సీఆర్1 సంగతి అది చెప్పదు, చికిత్స నిర్ణయానికి ఇప్పటికి ఆ సమాచారం అవసరమూ లేదు. జన్యు రూపం ఏదైనా, జ్వరం వచ్చిన రోజే పరీక్ష, పూర్తి మోతాదు మందు అన్నవి మారవు. సీఆర్1 జ్ఞానం ఉపయోగపడేది మరో చోట. పీఎఫ్ఆర్ఎచ్4 లాంటి ప్రోటీన్లను లక్ష్యంగా పెట్టుకునే టీకాలకు, రోజెట్లను విడదీసే మందులకు ఏ జనంలో ఎంత ప్రయోజనం ఉంటుందో ముందుగా అంచనా వేయడానికి ఇక్కడి జనం సీఆర్1 స్థితి తెలిసి ఉండాలి. కొండ జాతులు, ఒడియా, తెలుగు కుటుంబాలు కలిసి ఉండే ఈ జిల్లాల్లో ఒక సమూహపు ఫలితాన్ని మరొక సమూహానికి వర్తింపజేయడం చెల్లదు.

అలాంటి అధ్యయనం చేసేవారు రెండు కొలతలూ తీసుకోవాలి. జన్యు రూపం పుట్టుకతో వచ్చిన స్థాయిని చెబుతుంది. కణం మీది సంఖ్య జబ్బులో పోయింది పోగా మిగిలినదాన్ని చెబుతుంది. రెండింటి మధ్య తేడాయే ఆ బిడ్డ రక్తం ఎంత మోసిందో తెలిపే కొలత. జబ్బు తగ్గిన కొన్ని నెలలకు, పాత కణాలన్నీ మారిపోయాక, అదే బిడ్డ రక్తం మరోసారి చూస్తే తేడా పుట్టుకదా, జబ్బుదా అన్నది స్పష్టమవుతుంది. తీవ్ర రక్తహీనతతో వచ్చిన బిడ్డకు వెంటనే రక్తం ఎక్కిస్తారు కాబట్టి, నమూనా అంతకు ముందే తీసి పక్కన పెట్టాలి. ఎక్కించిన తర్వాత తీసిన చుక్కలో దాత ఎర్ర కణాలు, వాటి సీఆర్1 కూడా కలిసిపోయి ఉంటాయి, ఆ లెక్క ఎవరిదో చెప్పలేం.